మూత మీద చెయ్యి

శనివారం మధ్యాహ్నం. సన్నీబ్యాంక్ లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసు సగానికి వచ్చింది. కోటేశ్వరరావు తాతయ్య బోర్డు మీద ‘వెయిట్’ అని రాశారు. ఎదురుగా కూర్చున్న ఆరుగురూ చైనా నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు. పదేళ్ల అపూర్వ తాతయ్యకు అసిస్టెంటు.

“వెయిట్ ఫర్ ద బస్. వెయిట్ ఫర్ మీ,” అని తాతయ్య మెల్లగా పలికించారు. తర్వాత అపూర్వ వైపు వంగారు. “మనకి ‘బస్సు కోసం’ అనే అలవాటుంది కాబట్టి ‘ఫర్’ తేలిక. వాళ్ల భాషలో ఆ ‘కోసం’ అక్కర్లేదమ్మా. అందుకే జారిపోతుంది.”

లిన్ ఆంటీ లేచి నిలబడింది. సోమవారం ఆవిడ మొదటిసారి ఒంటరిగా వెళ్లి మనవరాలు మేయీని స్కూలు నుంచి తీసుకురావాలి. గేటు దగ్గర టీచరుతో రెండు ముక్కలు మాట్లాడాలి.

“మేయీ... ఈజ్... వెయిటింగ్...”

“ఫర్ మీ,” అందించింది అపూర్వ.

“ఐ యామ్... హర్...”

“గ్రాండ్‌మదర్.”

వెనక ఎవరో నవ్వారు. లిన్ ఆంటీ కూడా నవ్వింది. కూర్చుని నోట్‌బుక్ మూసేసింది. “మండే, మై సన్ గో. నాట్ మీ.”

అపూర్వ మొహం చిన్నబోయింది. “ఐ వజ్ జస్ట్ హెల్పింగ్, తాతయ్యా.”

“హెల్పే. కానీ సోమవారం గేటు దగ్గర నువ్వుండవుగా. వెళ్లు, టీ టైమైంది, డబ్బా పట్రా.”

అది అమ్మమ్మ జంతికల డబ్బా. మూత మీద చిన్న సొట్ట. అమ్మమ్మ పోయి రెండేళ్లయింది.

ఆవిడ ఉన్న రోజుల్లో, అపూర్వ స్కూలు నుంచి రాగానే ఆ రోజు సంగతి ఒకటి తెలుగులో చెప్పాల్సి వచ్చేది. చెప్పేదాకా అమ్మమ్మ చెయ్యి ఆ మూత మీదే ఉండేది. ఒకసారి ‘వాన వెలిసింది’ అనడానికి అపూర్వ ఎంతసేపు తడుముకుందో. “నువ్వే చెప్పేయొచ్చుగా అమ్మా, పాలు చల్లారిపోతున్నాయి,” అని అమ్మ వంటింట్లోంచి విసుక్కుంది. అమ్మమ్మ చెప్పలేదు. “ఊఁ,” అంది, అంతే. మాట దొరకగానే డబ్బా కంటే ముందు ఆవిడ మొహం విచ్చుకుంది.

అపూర్వ డబ్బా తెచ్చి లిన్ ఆంటీ పక్కన కూర్చుంది. మూత తీయలేదు. దాని మీద చెయ్యి పెట్టుకుంది.

“సారీ, ఆంటీ. వన్ మోర్ టైమ్?”

లిన్ ఆంటీ నోట్‌బుక్ మళ్లీ తెరిచింది.

“మేయీ... ఈజ్... వెయిటింగ్...”

అక్కడే ఆగింది. అపూర్వ నోటిదాకా వచ్చిన మాటను పళ్ల వెనకే ఆపుకుంది. కిటికీ బయట బస్సు ఆగి, ముగ్గురిని దించి, వెళ్లిపోయింది.

“ఊఁ,” అంది అపూర్వ.

“ఫర్... మీ. ఐ యామ్ హర్... గ్రాండ్‌మదర్.”

తాతయ్య అటు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్లీ తుడుస్తున్నారు.

అపూర్వ మూత తీసి డబ్బాను ముందు లిన్ ఆంటీ వైపు జరిపింది. ఆవిడ ఒక జంతిక తీసుకుంది.

“మండే,” అంది, “ఐ గో.”