పాస్‌వర్డ్ తప్పంటున్న కంప్యూటర్

"పాస్‌వర్డ్ తప్పంటుంది సార్!"

లైబా కుర్చీలోంచి లేచి పిలిచింది. మధ్యాహ్నం మూడైంది. లక్సెట్టిపేట బడిలో కంప్యూటర్ పీరియడ్. ఏడో తరగతి అంతా ఆమె చుట్టూ మూగింది.

దశరథం సార్ వచ్చి తనే టైప్ చేశారు. డబ్బాలో చుక్కలు పడ్డాయి. తప్పు. ఇంకోసారి. మళ్ళీ తప్పే!

ఆ కంప్యూటర్‌లోనే లైబా కథ ఉంది. వాళ్ళ నానీ, అంటే అమ్మమ్మ ఖుర్షీద్, చెప్పిన కథ. మూడు వారాలు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేసింది. పిల్లల కథల పోటీకి ఈరోజు నాలుగింటిలోపు పంపాలి. ఆ తర్వాత తీసుకోరు.

"ఎవలు గెలికిన్రు దీన్ని?" సార్ అరిచారు.

లైబా పక్కనే ఉన్న దోస్తు నవనీత ఒకడుగు వెనక్కి వేసింది.

గెలికింది తనే. పొద్దున లైబా విసుక్కుంది కదా, "తెలుగు కొడ్తుంటే మాటిమాటికి ఇంగ్లీష్ అయితుందే!" అని. నవనీతకు బడి కంప్యూటర్లను నడిపే లైనక్స్ అంటే పిచ్చి. అన్నం తినే టైంలో వచ్చి, సెట్టింగ్స్ తెరిచి, కీబోర్డుల జాబితాలోంచి ఇంగ్లీష్ తీసిపారేసింది. లైబా ఖుషీ అవుతుందనుకుంది. కాసేపటికి స్క్రీన్ దానంతటదే లాక్ అయింది. పాస్‌వర్డ్ ఏమో ఇంగ్లీష్ అక్షరాలది. ఇప్పుడు ఏ కీ నొక్కినా తెలుగే పడుతోంది. చుక్కల్లో అది కనిపించదు!

"అవేజ్! నిన్న గూడ నువ్వే గెలికినవ్ గదరా?"

"అల్లా కసం సార్, నేను ముట్టుకోలే!"

"పో, బయట నిలబడు."

నేనేనని చెప్పాలనుకుంది నవనీత. కానీ భయమేసింది. క్లాసంతా తనను 'కంప్యూటర్ మేడం' అంటుంది. ఇప్పుడేమంటారో!

మూడుంపావు. మూడున్నర. సార్ కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశారు. అవే చుక్కలు. లైబా ఏడవడం లేదు, గోళ్ళు కొరుక్కుంటోంది. కిటికీ బయట అవేజ్ ఎండలో నిలబడ్డాడు.

మూడూ నలభైకి నవనీత సార్ దగ్గరికి వెళ్ళింది. "సార్... అవేజ్ కాదు. నేనే. ఇంగ్లీష్ కీబోర్డ్ తీసేసిన."

సార్ అవేజ్‌ను లోపలికి పిలిచి, మంచిర్యాలలో కంప్యూటర్లు బాగుచేసే దోస్తు సాగర్‌కు ఫోన్ చేశారు. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. నాలుగింటికి రెండు నిమిషాలుండగా ఎత్తాడు.

"గంతేనా! నల్ల స్క్రీన్ ఒకటి ఉంటది, దాంట్ల ఇంగ్లీషే పడ్తది," అని, అక్కడి నుంచి ఇంగ్లీష్ కీబోర్డును మళ్ళీ చేర్చడం ఒక్కో మెట్టూ చెప్పాడు.

కంప్యూటర్ తెరుచుకుంది. కథ అక్షరం పోకుండా ఉంది. టైం నాలుగూ ఏడు. పోటీ పేజీ మూసేశారు.

"మూడింటికే చెప్తే అయిపోతుండె గద బిడ్డా," అన్నారు సార్ మెల్లగా. తిట్టినా బాగుండేదనిపించింది నవనీతకు.

"వారెవ్వా, కంప్యూటర్ మేడం!" అని అవేజ్ బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు.

"నానీ దినాం అడుగుతది, పంపినవా అని," అంది లైబా గోడ వైపు చూస్తూ. "గిప్పుడు ఏం చెప్పాలె?"

"నేనొస్త. నేనే చెప్త."

"నువ్వేం రాకు."

అయినా నవనీత వెళ్ళింది. దారంతా పదడుగులు వెనకే నడిచింది. లైబా ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

నానీ గుమ్మంలో కూర్చుని బొంత కుడుతోంది. "పంపినవా బేటా?"

లైబా తల దించుకుంది. నవనీత లైబాను దాటుకుని ముందుకొచ్చింది.

"కథ పోలే నానీ. కంప్యూటర్ ఖరాబ్ చేసింది నేనే. సార్ అడిగినప్పుడు చెప్పలే."

నానీ సూదిని బొంతకు గుచ్చి, పక్కన చోటు చూపించి, "కూసో, అంతా చెప్పు," అంది.