బేకన్ ఇగురు

పసుపు వేసి మూడుసార్లు కడిగి, కుక్కర్లో పెట్టి, అల్లం వెల్లుల్లితో తాలింపు వేశామని, తింటే తోలు నమిలినట్టుందని శ్రీదేవి చెప్పింది.

"బేకన్‌ని కడిగేరా?" అన్నాడు నానాజీ.

రైలు పెట్టెలో జనం తిరిగి చూశారు. అనకాపల్లి నుంచి విశాఖకు వాళ్లిద్దరూ రోజూ ఆ రైల్లోనే వెళతారు. అతను ఒక హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ వండుతాడు. ఆమె ఒక ల్యాబ్‌లో పని చేస్తుంది. ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం ఎలా ఉంటుందో తెలియదని ఆమె అంటే ప్యాకెట్ కొనిచ్చింది అతనే.

"కడక్కుండా మాంసం ఎవులు వండుతారు?"

చల్లటి పెనం మీద పరిచి మంట తగ్గించాలని, నూనె అక్కర్లేదని, దాని కొవ్వులోనే అది వేగుతుందని, ఓవెన్ ఉంటే అందులో పెట్టినా చాలని నానాజీ చెప్పాడు. అక్కడితో ఆగలేదు. "కుక్కర్లో పెడితే సచ్చిపోతాది," అన్నాడు.

"అది సచ్చే కదా ప్యాకెట్లోకొచ్చింది."

"వంట రానోళ్ల సేతికి బేకన్ ఇవ్వకూడదు."

మర్నాటి నుంచి శ్రీదేవి వేరే పెట్టె ఎక్కింది. ఆ వారమే పెళ్లి మాట ఎత్తాలనుకున్న నానాజీ ఎత్తలేకపోయాడు.

శుక్రవారం ఆమే ఫోన్ చేసింది. సబ్బవరం సంబంధం వాళ్లు ఆదివారం వస్తున్నారని, నాన్న మాట ఇచ్చేస్తాడని చెప్పింది.

"ఇంకో మాట. ఆ బేకన్ వండింది మా అమ్మ. వంట రాదని నువ్వన్నావని తనకి సెప్పేసేను. నీకేటైనా సెప్పాలనుంటే రేపొచ్చి సెప్పు. బేకన్ తెచ్చుకో."

శనివారం వాళ్ల పెరట్లో ఇటుకల పొయ్యి వెలిగించారు. పంది మాంసాన్ని శ్రీదేవి తల్లి అప్పలకొండమ్మ వంటింట్లోకి రానివ్వదు, మొన్న కుక్కర్ కూడా పెరట్లోనే పెట్టింది. నానాజీ చేతిలోని ప్యాకెట్ తీసుకుని, అతను వద్దనేలోపే కోసి, మూడు నీళ్లలో కడిగేసింది.

"నాకు వంట రాదన్నోడివి నువ్వేనా బాబూ?"

నానాజీకి ఒళ్లు మండింది. వెళ్లిపోదామనుకున్నాడు. తెల్లారితే ఆదివారం.

తడి ముక్కలను అలాగే వేయిస్తే చిటపటలాడతాయి. హోటల్లో మొదట్లో నేర్పిన పద్ధతి ఒకటుంది, ఆలస్యమవుతుందని తర్వాత వదిలేశాడు. ఇప్పుడు ముక్కలను పెనంలో పరిచి, మునిగేలా నీళ్లు పోశాడు.

"నేను కడిగితే తప్పు. నువ్వు పోత్తే తప్పు కాదా?" అంది అప్పలకొండమ్మ.

రెండరింగ్, ఫ్యాట్, క్రిస్ప్ అని ఏదో చెప్పబోయాడు నానాజీ. ఆమె వినలేదు. పెనం వైపే చూసింది. నీళ్లు మరిగి ఆవిరైపోయాయి. కొవ్వు మిగిలింది. ముక్కలు అందులో వేగాయి.

"ఇగరబెట్టడమని సెప్పొచ్చు కదా. రోజూ నేను సేసేదానికి అన్ని ఇంగ్లీషు ముక్కలేటి?"

నానాజీ పెనం దించాడు. "నిజమే. ఇగురే. కడిగితే కొంపలేటీ మునగవు. నోరు జారేను."

కుర్చీలో కూర్చున్న త్రినాధరావుకు కూతురు శ్రీదేవి పళ్లెం అందించింది. అతను ఒక ముక్క తిన్నాడు. అడక్కుండానే ఇంకో రెండు తీసుకున్నాడు.

నానాజీ చేతులు తుడుచుకున్నాడు. "శ్రీదేవిని నాకివ్వండి పిన్నీ."

"పిన్నేటి? నేను పిన్నినైతే అది నీకు సెల్లెలవుతాది. అత్తా అను." అప్పలకొండమ్మ భర్త వైపు తిరిగి, రేపు రావద్దని సబ్బవరం వాళ్లకు ఫోన్ చేయమంది. త్రినాధరావు నములుతూనే ఫోన్ తీశాడు.

"ఇవ్వడానికి నేనేటి, ఈ పెనమా?" అంది శ్రీదేవి. "మా అమ్మనడిగేవు. మా నాన్న ఫోన్ తీసేడు. నన్నెవులు అడిగేరు?"

నానాజీ ఆమె ముందుకు వచ్చి, పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు.

"సేసుకుంటాను," అంది శ్రీదేవి. కోపం మాత్రం తగ్గలేదు. "అడగడానికి ఇంత లేటేటి?"