అంచు దగ్గరి వృత్తం

"నీ కేంద్రం తప్పు" అన్నాను.

ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద లాప్‌టాప్‌లో స్లైడ్లు చూసుకుంటున్న ఆమె తలెత్తింది. ఆ చూపుకి కాగితమైతే భగ్గున అంటుకునేది.

ఉన్నది ఒకే లెక్చరర్ పోస్టు. వడపోతలో మిగిలింది మేమిద్దరం. ఇది రాకపోతే లెక్కలు కట్టిపెట్టి మామయ్య ఫర్నిచర్ షాపులో కూర్చోమని ఇంట్లో నాకు ఆర్డర్. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్లు రీసెర్చ్ చేస్తూ ఆమె ముందు నోరు పెగలనివాణ్ణి, తీరా తెరిచి అన్న మాట ఇదీ. ఏం చెప్పను నా మొహం!

"మైండ్ గేమ్సా? పోటీకొచ్చినవాడివి, నిన్ను నమ్మాలా?"

"నమ్మొద్దు. కొలుచుకో."

స్లైడ్ మీద ఆమె అంతులేని హైపర్‌బోలిక్ తలం మొత్తాన్ని ఒక పళ్లెంలా గుండ్రంగా గీసింది. అంచుకి వెళ్లేకొద్దీ అందులో దూరాలు సాగిపోతాయి. కంటికి అంగుళంలా కనిపించేది అక్కడ ఆమడ. అయినా అందులో వృత్తం గీస్తే మన మామూలు జామెట్రీ వృత్తంలాగే ఉంటుంది. కానీ దాని కేంద్రం మాత్రం కంటికి నడుమ అనిపించే చోట ఉండదు. ఎంతటివాళ్లైనా అక్కడే బోల్తాపడతారు.

"పళ్లెం నడిమధ్య గీసిన వృత్తానికి సరిపోయిందిగా!"

"నడిమధ్య సరిపోతుంది. ఇది అంచు దగ్గరుంది. నువ్వు చుక్క పెట్టిన చోటు నుంచి బయటి వైపుకి దూరం ఎక్కువ, లోపలి వైపుకి తక్కువ. అసలు కేంద్రం ఇంకాస్త అంచు వైపుకి జరగాలి."

కీబోర్డు టకటకలాడింది. రెండు వైపుల దూరాలూ ఒకటి కాలేదు. అప్పుడే లోపల బెల్ మోగింది.

"దేవుడా! నా టాక్ మొత్తం ఈ బొమ్మ మీదే!"

"బొమ్మే తప్పు, నీ సిద్ధాంతం కాదు. చుక్క జరుపు, త్వరగా!"

చుక్క జరిపి లోపలికి పరుగెత్తింది. థాంక్స్ కూడా లేదు. చేజేతులా ఉద్యోగం పోగొట్టుకున్నావు కదరా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఆమె తడబడుతుందేమోనన్న భయమే నన్ను ఎక్కువగా తినేసింది.

తలుపు తెరుచుకుంది. ఆమె నేరుగా నా మీదికే వచ్చింది.

"అదే అడిగారు! కేంద్రం అక్కడెందుకుందని. చెప్పగలిగాను. నోరు మూసుకునుంటే ఉద్యోగం నీదే కదా. ఎందుకు చెప్పావ్?"

"వాళ్ల ముందు నువ్వు తల దించుకుంటే నేను తట్టుకోలేను. నువ్వంటే నాకు... చాలా ఇష్టం."

ప్యూను నన్ను పిలిచాడు. ఆమె కళ్లలో నీళ్లూ కోపమూ పోట్లాడుకుంటున్నాయి. విసురుగా నా కాలర్ సర్దింది.

"లోపల కావాలని తగ్గావో, చంపేస్తా. నువ్వు వదిలేసిన ఉద్యోగం నాకక్కర్లేదు."

"మరి నేను?"

"నువ్వు కావాలి. ముందు లోపలికి నడు!"