పెద్ద అక్షరాలు

పొయ్యి మీద పెనం కాలుతుండగానే ప్రసన్నకుమారి వసారాలో కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. పదో తరగతితో ఆగిపోయిన చదువును ఓపెన్ ఇంటర్ పేరుతో ఈ ఏడే మళ్ళీ మొదలుపెట్టింది. కూతురు లోకేశ్వరి బడికి బయలుదేరేలోగా ఒక్క పాఠమైనా చదవాలని ఆశ. తీరా పేజీ తెరుచుకునేసరికి ప్రాణం ఉసూరుమంది. అక్షరాలు మళ్ళీ గుమ్మడికాయలంత అయ్యాయి. ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కి కూర్చుంది. పాఠంలో సగం తెర బయటికి పోయింది.

"అత్తా, దీన్ని ఎవురన్నా ముట్టినారా?"

రోట్లో ఊరుబిండి పచ్చడి నూరుతున్న మునిరత్నమ్మ తల ఎత్తలేదు. "నాకెందుకమ్మా ఆ పెట్టె? ఫోను మోగితేనే యాడ నొక్కాల్నో తెలీదు."

బ్రౌజరు సెట్టింగుల్లోకి వెళ్తే ప్రసన్నకు కళ్ళు తిరుగుతాయి. ఫాంట్ సైజు అని ఒకటి, స్టాండర్డ్ ఫాంట్ అని ఒకటి, సెరిఫ్ అని ఇంకొకటి. ఫాంట్ సైజు ఎంత తగ్గించినా పేజీ మారేది కాదు. చిత్తూరులో జిరాక్స్ షాపులో పనిచేసే పక్కింటి జెస్సీ నిన్న వచ్చి, కింద ఉన్న ఇంకో గీటు చూపించింది. కనీస ఫాంట్ సైజు అట. అది పెద్దగా ఉంటే, పైన ఎంత తగ్గించినా అక్షరం అంతకన్నా చిన్నది కాదట. జెస్సీ దాన్ని వెనక్కి లాగి, "ఇది దానంతట అది జరగదక్కా. మీ ఇంట్లోనే ఎవురో జరిపినారు" అని నవ్వి పోయింది.

ఈ పొద్దు ఆ గీటు మళ్ళీ చివరికంటా పోయి ఉంది. అత్త ముట్టదు. అలమర పైన పెడుతుంది కాబట్టి పాపకు అందదు. ఇక మిగిలింది మొగుడు మునికుమారే.

తన చదువు ఇష్టం లేకనే ఈ పని చేస్తున్నాడనుకునేసరికి ప్రసన్న లాప్‌టాప్‌ను టక్కున మూసేసింది. ఓపెన్ ఇంటర్‌కు పేరు రాయించింది అతనే. వీధిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నదీ అతనే. పైకి అంత మురిసి, చాటుగా ఇదా!

మునికుమార్ బడి వ్యాను తోలుతాడు. చుట్టుపక్కల పల్లెల పిల్లలను ఎక్కించుకుని పూతలపట్టు దాటించి బడికి చేరుస్తాడు. లోకేశ్వరి కూడా అందులోనే పోతుంది. అతను తాళంచెవి తీసుకుని వాకిట్లోకి రాగానే ప్రసన్న అడ్డం నిలబడింది.

"మామా, నా లాప్‌టాప్‌లో అక్షరాలు మారుస్తాండేది నువ్వేనా?"

"పొద్దున్నే ఏం పంచాయితీ మే? ఆడ పిల్లకాయలు రోడ్డు మీద కాసుకోనుంటారు."

"అడిగినదానికి సెప్పు."

"ఎప్పుడన్నా దాంట్లో పేపరు సదువుతా. నువ్వు లేసేలోగా మళ్ళీ తగ్గించే పెడతాండా గదా!"

"పైది తగ్గించినావు, కిందిది మరిసినావు. నేను సదివేది ఇష్టం లేకుంటే మొగాన సెప్పు. ఈ దొంగపని ఎందుకు?"

అతను బిత్తరపోయాడు. "అయ్యో, నీ సదువు సెడగొట్టాలని కాదు మే! అక్షరాలు సన్నంగా ఉంటే…"

మాట సగంలో మింగేశాడు. ప్రసన్న అతని ముఖంలోకి చూసింది. ఈమధ్య వ్యాను అద్దం పగిలినప్పుడు గేదె అడ్డం వచ్చిందన్నాడు. అన్నంలో రాయి ఏరుకోలేక ఆమె మీద విసుక్కున్నాడు. ఆమె గొంతు దానంతట అదే తగ్గిపోయింది.

"మామా, ఆ ఎదురు గోడ మీద ఏముండాదో సదువు."

"ఏమే, నన్ను బడిలో ఏస్తాండావా?"

"సదువు."

"సిమెంటు కంపినీ బొమ్మ. ఎన్నేండ్లుగా సూస్తాండాం, కొత్తగా సదివేదేముండాది?"

సంచీ తగిలించుకుని నిలబడ్డ లోకేశ్వరి పకపకా నవ్వింది. "నాయనా, అది తుడిపేసినారు గదా! ఇప్పుడు మామిడి మొక్కల బొమ్మ. ఎంత పెద్దదేసినారో, కనబళ్ళేదా?"

 రోట్లో పొత్రం చప్పుడు ఆగిపోయింది.

"షుగరు కండ్లకెక్కిందంట," అన్నాడు మునికుమార్ చివరికి, నేల చూస్తూ. "కండ్లద్దాలతో పోయేది కాదని డాక్టర్లన్నారు. బండి తోలొద్దన్నారు. తెలిసిన దారే గదా అని…"

"తెలిసిన దారా?" ప్రసన్న అతని చేతిలోని తాళంచెవి వైపు చూసింది. "దారి నీకు తెలుసు. అడ్డం వచ్చేవాళ్ళకు నీ సంగతి తెలుసా? దినామూ నా బిడ్డకు జడలేసి నీ బండి ఎక్కిస్తి గదా! ఎంతమంది అమ్మలు ఎక్కించినారు! దేవుడి మీద కూడా పెట్టలేదు నేనంత నమ్మకం."

ఆమె అత్త వైపు తిరిగింది. మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"నీకూ తెలుసా అత్తా?"

"పని పోతే వాడేమైపోతాడో అని నోరు మూసుకుంటి తల్లీ…"

"నేనొక్కదాన్నే పరాయిదాన్నయితినా ఈ ఇంట్లో?"

ప్రసన్న చెయ్యి చాచింది. మునికుమార్ తాళంచెవి గుప్పిట్లో బిగించాడు. ఇదొక్కటే తనకు వచ్చిన పని అన్నాడు. ఈ నెల గడవనిమ్మని ఏడ్చాడు. ఆమె చెయ్యి దించలేదు. తండ్రి ఏడవడం ఎన్నడూ చూడని లోకేశ్వరి భయపడి వచ్చి అతని కాలు చుట్టుకుంది. అతను ఆ తలమీద చెయ్యి వేసి నిమిరాడు. తర్వాత తాళంచెవి భార్య చేతిలో పెట్టాడు.

"ఓనరు ధర్మేంద్రకు ఫోను కలుపు. ఒంట్లో బాగలేదని సెప్తా."

"కలుపుతా. ఉన్నది ఉన్నట్టు సెప్పాల."

అతను చెప్పాడు. అవతలి వాడి అరుపులు వాకిలంతా వినిపించాయి. తిట్టి తిట్టి, వేరే డ్రైవరును పంపుతున్నానని ధర్మేంద్ర ఫోను పెట్టేశాడు. 

పాపనూ, వ్యాను తాళంచెవినీ అత్త దగ్గర వదిలి, తిరుపతి కంటి ఆసుపత్రికి ఇద్దరూ బయలుదేరారు. పూతలపట్టు కూడలిలో ఆమె అతనికి రెండడుగుల దూరంలో నిలబడింది. ఎండలో అతను కళ్ళు చికిలించి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ప్రసన్నా, ఆ వచ్చేది తిరపతి బస్సేనా? నాకు బోర్డు కనబళ్ళేదు."

ఇంతకాలం ఆమెకు కూడా చెప్పకుండా దాచిన మాటను నలుగురి మధ్య అంత మామూలుగా అనేసరికి ప్రసన్నకు కన్నీళ్ళు ఆగలేదు. కోపం పోలేదు. పోవడానికి చాలా కాలం పడుతుందని ఆమెకు తెలుసు. కొంగుతో ముఖం తుడుచుకుని బోర్డు వైపు చూసింది.

"అది పీలేరుది. మనది ఎనకాల వస్తాంది. తొందరపడొద్దు, నేను సెప్తా" అంటూ అతని మణికట్టు పట్టుకుంది.