జ్వరం తెప్పించని సూది

సీసాకు సీలుంది. లేబుల్ ఉంది. లోపలి మందు మాత్రం పనికిరాదు.

ల్యాబ్ రిపోర్ట్ బ్యాగులో పెట్టుకుని డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వనిత పెనుకొండలో ఇర్షాద్ ఇంట్లోకి అడుగుపెట్టింది. అతని భార్య షబీనాకు కిడ్నీ క్యాన్సర్. బెంగళూరులో కీమో ఇస్తున్నారు. దానికి తోడు, ఒంట్లోని రోగనిరోధక శక్తిని లేపి గడ్డ మీదికి తోలే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇంటి దగ్గరే వేయించమన్నారు. తగ్గుతూ వచ్చిన గడ్డ మొన్నటి స్కానింగులో మళ్లీ పెరిగింది. ఇర్షాద్ కంప్లైంట్ ఇచ్చాడు.

"హిందూపురం మందులషాపు రఘునాథ్ నకిలీది అమ్మినాడు మేడం!"

"నకిలీ కాదు. అసలు మందే. వేడికి చెడిపోయింది. అదే బ్యాచ్ సీసాలు అతని ఫ్రిజ్‌లో బాగానే ఉన్నాయి."

ఇర్షాద్ చూపు, ఇంటికొచ్చి సూదులు వేసే కాంపౌండర్ గంగాధర మీదికి మళ్లింది. అతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"నన్ను జూస్తావేమప్పా? మీ ఫ్రిజ్‌లోంచి తీస్తా, మీ కండ్ల ముందరే ఏస్తా."

"కరెంటు పోతుంటుందా?" వనిత అడిగింది.

"ఇన్వర్టర్ ఉండాది మేడం," అన్నాడు ఇర్షాద్.

అయితే ఈ ఇంట్లోనే ఎవరో ఏదో దాస్తున్నారు. వనిత మంచం వైపు తిరిగింది. జుట్టు రాలిన తలకు చున్నీ చుట్టుకుని షబీనా కూర్చుంది.

"సూది వేశాక ఎలా ఉంటుందమ్మా?"

"మొదట్లో చలిజ్వరం వస్తాండె. పండ్లు టకటకా కొట్టుకుంటాండె. ఇప్పుడేమీ లేదు. ఒళ్లు అలవాటు పడిందనుకుంటిమి."

"మెల్లగా తగ్గిందా?"

"లేదు. ఒక్కసారే ఆగిపాయ."

"ఎప్పుడు?"

"అమ్మ ధర్మవరం నుంచి వచ్చిన వారమే."

అందరూ వంటింటి గుమ్మం వైపు చూశారు. షబీనా తల్లి సుగ్రా అక్కడే నిలబడి ఉంది.

"జ్వరం ఆగిందని అందరూ సంతోషపడ్డారు," అంది వనిత. "కానీ ఈ మందుకు జ్వరం మామూలే. అది ఒక్కసారిగా ఆగిందంటే మందు చెడింది అప్పుడే. షాపు మారలేదు. కాంపౌండర్ మారలేదు. ఇంట్లోకి కొత్తగా వచ్చింది మీరొక్కరే. ఏం చేశారమ్మా?"

సుగ్రా గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"చల్లగా లేకుంటే మందు పనిచేయదని గంగాధర చెప్తాంటే వింటిని. ఎవురూ లేనప్పుడు తీసి పొయ్యి పక్కన పెడతాంటి. మళ్లా లోపల పెడతాంటి. కీమోకే బిడ్డ సగమైపాయ. ఆ జ్వరం యాడ తట్టుకుంటాది?"

"సంపుతాంటివి కదత్తా!" ఇర్షాద్ అరిచాడు.

"జ్వరం నా కండ్లకు కనపడతాండె నాయనా. గడ్డ కనపడకపాయ."

వనిత లేచింది. "మీ కంప్లైంట్ షాపు మీద. తప్పు షాపుది కాదు. నేను రాసేది అంతే."

సాయంత్రం కొత్త సీసాలు వచ్చాయి. ఇర్షాద్ ఫ్రిజ్‌కు తాళం వేసి, అత్త వైపు చూస్తూ తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

షబీనా చెయ్యి చాచింది. "ఇట్లియ్యి. రోగం నాది."

తాళంచెవి పిడికిట్లో బిగించి, రెండో చేత్తో తల్లిని తన పక్కన కూర్చోమని పిలిచింది.