ముగ్గురికి ఒకే గది

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా మేడ మీద కార్తికేయ నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, ఒక ఏసీ. ఏసీ పనిచేసేది కాదు. రైలు టికెట్లు, విమానం టికెట్లు, పరీక్షల రిజల్ట్సు, పాస్‌పోర్టు ఫారాలు, పలాసలో ఎవరికేం కావాలన్నా ఆ మెట్లే ఎక్కాలి.

రెండువేల ఆరు జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఆ మెట్లు ఎక్కి ఒక పెద్దావిడ వచ్చింది. వెనకాలే మనవరాలు. పెద్దావిడ కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు ఆయాసం తీర్చుకుని, "సలికాలంలో లండన్ ఎల్లాల. తక్కువలో అయిపోవాల. నువ్వు సేత్తావా, ఇంకొకల దగ్గరికి పొమ్మంటావా?" అంది.

పొద్దుట్నించీ కరెంటు వస్తూ పోతూ కార్తికేయ ప్రాణం తీస్తోంది. నోరు ఊరుకోలేదు. "లండనంటే పర్లాకిమిడి కాదమ్మా" అన్నాడు.

మనవరాలు ముందుకొచ్చి కౌంటర్ మీద చెయ్యి పెట్టింది. "పర్లాకిమిడి ఎలా ఎల్లాలో మాకు తెలుసండి. తెలీనిది అడగడానికే మెట్లెక్కాం. మీకూ తెలీదంటే సెప్పండి, దిగిపోతాం."

అని ఒక చూపు చూసింది. టెక్కలిలో ప్రైవేటు కాలేజీ కుర్రాళ్ళకి లెక్కలు చెప్పే అమ్మాయి, పేరు యామిని. అరవై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టడం ఆమెకి అలవాటే. కార్తికేయ నిజంగానే కూర్చున్నాడు.

"తెలుసండి. సారీ. ఎందుకు వెళ్తున్నారో చెప్తే దానికి తగ్గట్టు చూస్తాను."

పెద్దావిడ పేరు సింహాచలమ్మ. ఉద్దానంలో అక్కుపల్లి. కొబ్బరి తోటలు, జీడి తోటలు, కొడుకు వైకుంఠరావుకి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ. "నలభై ఏళ్ళ నుంచి నా తోట పప్పు డబ్బాల్లో ఎక్కి ఆ ఊరు ఎల్తంది బాబూ. ఆళ్ళ పండగ వస్తందంటే మా ఫ్యాక్టరీలో ఊపిరాడదు. అంత ఆత్రంగా ఎవులు తింటన్నారో ఓపాలి సూడాల. కాళ్ళు పనిచేత్తన్నప్పుడే సూడాల. నా కొడుక్కి తీరిక నేదు. ఇదీ, నానూ ఎల్తాం."

ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. ఉద్దానంలో ఏ పెద్దావిడా అది అడక్కుండా లేవదు. "ఇంతకీ నువ్వు ఎవుల తాలూకా?"

ఫోను మోగుతోంది. ఒక చేత్తో దాన్ని అందుకుంటూ కార్తికేయ ఊళ్ళో అందరూ అనే మాటే అనేశాడు. "మా అమ్మ గౌరీశ్వరి. సుమ్మాదేవి సన్యాసయ్య గారి అమ్మాయండి."

సింహాచలమ్మ మొహం విప్పారింది. "సన్యాసయ్యా? నాకు తమ్ముడి వరస. అతని కూతురంటే మా వైకుంఠానికి మరదలు, దీనికి పిన్ని. ఓలమ్మ, అయితే నువ్వు దీనికి అన్నయ్యవే."

సింహాచలమ్మ వరస చెప్పిందంటే ఉద్దానంలో ఇంక దానికి తిరుగులేదు. సంబంధం ఏదొచ్చినా జాతకాల కంటే ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి, వరస కుదురుతుందో లేదో అడిగి వచ్చేవారు. ఆవిడ కాదన్న పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. ఆవిడ లెక్క తప్పిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

"అన్నయ్యంట" అంది యామిని, మొదటిసారి నవ్వుతూ. ఆ నవ్వు చూసి కార్తికేయకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

సాయంత్రం వెనక వీధిలో ఇంటికి వెళ్ళగానే తల్లికి చెప్పాడు. గౌరీశ్వరి చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ, "ఆవిడ లెక్క తప్పురా" అంది. "సన్యాసయ్య నాకు నాన్న కాదు, మేనమామ. మా అమ్మ ఆయనకి అక్క. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోతే ఆయనే తెచ్చుకుని పెంచాడు. నాన్నా అని పిలిచేదాన్ని కదా, లోకం కూతురనే అనుకుంది."

"అయితే ఆ అమ్మాయికి నువ్వేమవుతావు?"

"మా అమ్మ సింహాచలమ్మ గారికి చెల్లెలి వరస అవుతుంది. అంటే వైకుంఠరావు నాకు అన్న, ఆ పిల్లకి నేను మేనత్తని. ఏం?"

"ఏం లేదు."

ఏం లేదన్నాడు గాని ఆ పూట అన్నం సహించలేదు. మేనత్త కొడుకంటే బావ. వాళ్ళు మళ్ళీ వస్తామన్న శనివారం ఆ మాట ఎలా చెప్పాలో వారమంతా ముందే చెప్పి చూసుకున్నాడు.

శనివారం యామిని ఒక్కతే వచ్చింది. "నాన్న పంపరేమో అనుకున్నాను. నెట్ సెంటర్‌కి ఒక్కదాన్నీ ఏటని. 'అన్న వరస కుర్రాడి షాపే కదా' అంది నాయనమ్మ. అంతే, నాన్న ఇంక మాట్లాడలేదు."

కార్తికేయ నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. నిజం చెప్తే ఆమెకి బావ అవుతాడు. బావ షాపుకి ఆమెని ఎవరూ పంపరు. పిరికివాడి లెక్కే, కాదనడం లేదు. ఆ వయసులో ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుంటే మీరు మాత్రం ఏం చేసేవారో చెప్పండి.

అలా శనివారాలు మొదలయ్యాయి. టెక్కలి బస్సు దిగి, రెండింటికి వచ్చి, నాలుగింటికి ఊరి ఆటో ఎక్కేది. క్రిస్మస్ పండగ వారంలో టికెట్లు మండిపోతాయి గనక నవంబరు ఆఖరు ఖాయం చేశారు. వీధుల్లో దీపాలు అప్పటికే పెట్టేస్తారు, టికెట్టు సగానికి సగం దిగుతుంది. చెన్నైలో ఎక్కి, గల్ఫ్‌లో ఒకచోట విమానం మారితే ఇంకొంచెం కలిసొస్తుంది. ఊరి మధ్యలో కాకుండా రైల్లో అరగంట దూరంలో, పొయ్యి ఉన్న గది తీసుకుంటే వంట చేసుకోవచ్చు. డబ్బు తీసుకోని మ్యూజియాలు చూడొచ్చు, వెచ్చగా కూడా ఉంటుంది.

సింహాచలమ్మ ప్రశ్నలు కాగితం మీద వచ్చేవి. బస్సులో ముసలాళ్ళకి సీటిస్తారా. వేణ్ణీళ్ళు కాచుకోవాలా, వాటంతట అవే వస్తాయా. చలికి చీర మీద స్వెట్టరా, స్వెట్టరు మీద చీరా.

"దీనికేం రాయమంటారు?" అనేవాడు కార్తికేయ.

"మీకేది బాగుంటదనిపిస్తే అది రాయండి అన్నయ్యా" అనేది యామిని, నవ్వాపుకుంటూ.

టికెట్టు దొరికినప్పుడల్లా అతను, "వచ్చే వారం ఇంకా తగ్గొచ్చు" అనేవాడు. ఆమె ఏనాడూ తొందరపడలేదు. గది దొరికితే కిటికీ లేదనేది. కిటికీ ఉంటే మెట్లెక్కువనేది. జూన్‌లో అయిపోవాల్సిన పని ఆగస్టు దాటింది. ఈమెకి కూడా ఈ పని అవ్వడం ఇష్టం లేదేమోనని అతనికి అప్పుడప్పుడు అనుమానం వచ్చేది. మరుక్షణం అన్నయ్యా అనేది. అనుమానం చచ్చిపోయేది.

ఒక శనివారం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. ఉన్న నలుగురు కుర్రాళ్ళూ దిగిపోయారు. ఆటోలు లేవు. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. జల్లు కొట్టి ఆమె చెంప మీద పడింది. తుడుచుకోలేదు.

"లండన్‌లో ఎవులూ మనల్ని ఎవుల తాలూకా అని అడగరు కదా" అంది బస్టాండు కేసి చూస్తూ.

"అడగరు."

"బాగుంటది."

ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడు చెప్తావురా అనుకున్నాడు కార్తికేయ. అంతలో కింద ఆటో హారన్ కొట్టింది. ఆమె వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

అక్టోబర్‌లో ఆమె కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది. "టెక్కలి సంబంధం వచ్చింది. లండన్ నుంచి వచ్చాక చూపులంట. నాయనమ్మ వరస చూసింది. కుదిరిందంట."

"మీరేమన్నారు?"

"నేనేటంటాను. వద్దనడానికి కారణం సెప్పాల కదా." అని అతని మొహంలోకి చూసింది. "నా దగ్గరున్న కారణం పైకి సెప్పేది కాదు."

ఆ వారం కార్తికేయ షాపు తెరిచాడు, మూశాడు. మధ్యలో ఏం చేశాడో అతనికే తెలియదు.

మరుసటి శనివారం సింహాచలమ్మ స్వయంగా మెట్లెక్కి వచ్చింది. వీసా ఫారాలు నింపే రోజు. కూర్చోగానే, "ఇద్దరికి గది ఎంతో, ముగ్గురికీ దగ్గర దగ్గర అంతేనంట కదా" అంది.

"అవునండి. ముగ్గురి గది అయితే మనిషికి బాగా తగ్గుతుంది."

"అయితే నువ్వూ రా. నీ టికెట్టు నాను పెట్టుకుంటాను. కొత్త ఊర్లో ఇద్దరాడాళ్ళం, తోడు కావాల. ఎవులో అయితే ఒకే గదిలో ఉంటామా? నువ్వు పిల్లకి అన్నవి. పాస్‌పోర్టుందా?"

ఉంది. ఒక్క ముద్ర కూడా పడని పాస్‌పోర్టు సొరుగులోనే ఉంది.

కార్తికేయ మూడో ఫారం తీశాడు. పది రోజులు. ఆమె పక్కన బస్సులో, దీపాల కింద వీధుల్లో. నోరు మూసుకుంటే చాలు. పేరు రాశాడు, ఊరు రాశాడు. కూడా వచ్చేవాళ్ళు మీకు ఏమవుతారు అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. యామిని తల వంచుకుని కూర్చుంది. ఆ గడిలో ఆ మాట తన చేత్తో రాసి, ఆ గదిలో పది రోజులు అన్నగా పడుకుని లేచి, తిరిగొచ్చి ఆమె చూపులకి కుర్చీలు వెయ్యాలి. పెన్ను కింద పెట్టాడు.

"నేను రాలేనండి" అన్నాడు. "మా అమ్మ సన్యాసయ్య గారికి కూతురు కాదు, మేనకోడలు. మా అమ్మమ్మ పోతే ఆయన పెంచారు. యామినికి నేను అన్నని కాను. బావని."

సింహాచలమ్మ వేళ్ళ మీద వరస ఒకసారి లెక్కపెట్టుకుంది. తర్వాత, "నానేసిన లెక్క తప్పంటావు" అంది, నెమ్మదిగా.

"తప్పు నాది. ఆ రోజు నేనే అలా చెప్పాను. సాయంత్రానికే తెలిసింది. దిద్దలేదు."

"సాయంత్రానికే తెలుసు" అని ఆవిడ లేచింది. ఫారాలు సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగుతూ మళ్ళీ వెనక్కి చూడలేదు.

యామిని గుమ్మం దగ్గర ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఐదు నెలలు నన్ను నేను తిట్టుకున్నాను. అన్న వరస అతని మీద మనసేటని, నాకేదో రోగముందని ఏడ్చాను. నువ్వు అన్నీ తెలిసి అన్నయ్యా అని పిలిపించుకున్నావు."

"నిజం చెప్తే నువ్వు రావని."

"నిజం సెప్తే ఏదోలా వచ్చేదాన్ని" అని దిగిపోయింది.

తర్వాతి శనివారం ఎవరూ రాలేదు. ఫ్యాక్టరీ గుమస్తా వచ్చి టికెట్లు, కార్తికేయ రాసిన ప్లాను కాగితాలు పట్టుకుపోయాడు. ఇద్దరికే.

నవంబరు ఆఖరున వాళ్ళు వెళ్ళారు. ఇంక అతని అవస్థ చెప్పక్కర్లేదు. ప్లాను రాసింది తనే గనక ఏ గంటకి ఆమె ఎక్కడుంటుందో అతనికి తెలుసు. ఇక్కడ మధ్యాహ్నం మూడైతే ఆమె బస్సు పైఅంతస్తులో ముందు సీట్లో ఉంటుంది. నాలుగున్నరకి వంతెన దాటుతుంది. టీ తాగుతూ, ఎవరికో హాల్‌టికెట్ ప్రింటు తీస్తూ, అతను ఆ వీధులన్నీ ఆమె వెనకాలే తిరిగాడు. ఇంత దగ్గరగా ఎప్పుడూ లేడు, ఇంత దూరంగానూ లేడు.

ఆరో రోజు సాయంత్రం ఐదింటికి ఫోను మోగింది.

"నాను సింహాచలమ్మని. అరగంటలో మళ్ళీ సేత్తాను. మీ అమ్మనోపాలి అక్కడుంచు."

అతను చెప్పులు లేకుండా ఇంటికి పరుగెత్తాడు. అరగంటకి గౌరీశ్వరి కౌంటర్ వెనక కుర్చీలో ఉంది. కార్తికేయ స్పీకర్ నొక్కాడు.

"గౌరీశ్వరేనా? మీయమ్మ పేరేటి?"

"రాజకుమారి అండి."

"రాజకుమారి. తెల్లగా, పొడుగ్గా ఉండేది. నా పెళ్ళికి తలంబ్రాలు అదే కలిపింది. పోయిందని తెలుసు గాని, పిల్లొకర్తి మిగిలిందని నాకెవులూ సెప్పనేదు" అంది సింహాచలమ్మ. "ఆరు రోజులై ఈ ఊర్లో నాను దీపాలు సూడనేదు, వరసే లెక్కేత్తన్నాను. ఎటు తిప్పినా నువ్వు నా కొడుక్కి సెల్లెలివే. ఈ పిల్ల ఆరు రోజులై అన్నం తిననేదు. తప్పు నాదే తల్లీ."

"అయ్యో, అలా అనకండి."

"అననీ. ఇప్పుడు సంగతి ఇను. నువ్వు మేనత్తవి. పిల్లని అడగాల్సింది నువ్వు, నాను కాదు. బేగి అడుగు, ఈ ఫోను డబ్బాలో ఏసే నాణేలు అయిపోతన్నాయి."

గౌరీశ్వరి లేచి నిలబడింది. ఎదురుగా ఆవిడ ఉన్నట్టే పైట భుజం మీదికి సర్దుకుంది. "పెద్దమ్మా, మా కార్తికేయకి మీ యామినిని ఇస్తారా?"

"ఇచ్చినట్టే. వైకుంఠానికి నాను సెప్తాను. టెక్కలోళ్ళకీ నానే సెప్తాను. ఇదిగో, దీంతో మాటాడు."

కాసేపు గాలి చప్పుడు, బస్సుల చప్పుడు.

"ఉన్నావా?" అంది యామిని.

"ఉన్నాను."

"నాకింకా కోపం పోలేదు."

"తెలుసు."

"నీ కాగితం పట్టుకునే తిరుగుతన్నాను. కుడికి తిరగమని రాశావు, తిరుగుతన్నాను. ఇక్కడ చల్లగాలి కొడతది, మఫ్లర్ కట్టుకో అని రాశావు, కట్టుకుంటన్నాను. నువ్వు పక్కన నడుస్తన్నట్టే ఉంటది. తల తిప్పితే ఉండవు. ముగ్గురి గదే ఇచ్చారు. మూడో మంచం ఖాళీగా ఉంది. దాన్ని చూస్తే నాకు ఏడుపొస్తంది బావా."

అంతటితో నాణేలు అయిపోయాయి. లైన్ తెగింది.

ఆరు కంప్యూటర్ల దగ్గరా ఒక్క కీ కూడా నొక్కుతున్న చప్పుడు లేదు. అందరూ ఇటే చూస్తున్నారు. కార్తికేయ కళ్ళు తుడుచుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని టకటకా ఏదో కొట్టాడు.

"ఏంట్రా అది?" అంది గౌరీశ్వరి.

"చెన్నై మెయిల్‌కి టికెట్టు. వాళ్ళు ఐదో తారీకు పొద్దున్న చెన్నైలో విమానం దిగుతారు. ఎదురెళ్తాను."

"టికెట్లున్నాయా?"

"వెయిటింగ్ లిస్టు రెండొందల పన్నెండు. నిలబడే వెళ్తాను."

"నిలబడు" అంది తల్లి. "ఐదు నెలలు కూర్చున్నావు కదా."