బిషప్‌ని వదులుకోలేని అమ్మాయి

చదరంగం ఆఖరికొచ్చి బల్ల మీద నాలుగైదు పావులు మిగిలినప్పుడు బిషప్ మేలా, గుర్రం మేలా? ఈ సందేహం నింకెకి పన్నెండో ఏట పట్టుకుంది. ఇరవై తొమ్మిదో ఏడు వచ్చినా వదల్లేదు.

తండ్రి సైబ్రెన్‌కి మాత్రం ఏ సందేహమూ లేదు. వాళ్ళ ఊరు ఫ్రానెకర్. అక్కడి చర్చిలో ఆయన ఒక పెద్ద. ఊరి చదరంగం జట్టుకి కెప్టెన్.

"ఎదుటివాడికి గుర్రం, నీకు బిషప్ మిగిలితే ఆ బిషప్‌ని మాత్రం వదలకమ్మాయ్. గుర్రం ఎగిరెగిరి వచ్చేలోపు బిషప్ ఆ కొసకి పోయి తిరిగొస్తుంది" అనేవాడు, పది ఆజ్ఞల కింద పదకొండోది చేర్చినంత గట్టిగా.

నింకె వదల్లేదు. వదలకుండానే బోలెడు ఆటలు పోగొట్టుకుంది. తెల్ల గడిలో పుట్టింది తెల్ల గడుల్లోనూ, నల్ల గడిలో పుట్టింది నల్ల గడుల్లోనూ తిరగడమే తప్ప పక్క గడి మొహం జన్మలో చూడని పావు అంత గొప్పదెలా అయిందని చర్చిలో ప్రసంగం మధ్యలో కూడా అనుమానం వచ్చేది. దేవుణ్ణి క్షమించమని అడిగేది. ఆయన క్షమించే ఉంటాడు. అనుమానం మాత్రం అక్కడే ఉండేది.

అలాంటప్పుడు తగిలాడు యెల్మర్. మూడేళ్ళ కిందట, పొరుగూరు బోల్స్‌వర్డ్ జట్టుతో పోటీలో.

ఆ సాయంత్రం అందరి ఆటలూ అయిపోయాయి, వీళ్ళిద్దరిదే మిగిలింది. నింకెకి బిషప్పూ రెండు బంట్లూ ఉన్నాయి. అతనికి ఒక్క గుర్రం. ఆమె గెలిస్తే ఫ్రానెకర్ జట్టు పోటీల్లో పై తరగతికి వెళుతుంది. ఆమె వెనక సైబ్రెన్ నిలబడ్డాడు.

యెల్మర్ ఉన్నట్టుండి ఆ గుర్రంతో ఒక బంటుని కొట్టి, గుర్రాన్ని ఆమె రాజుకి అప్పగించేశాడు. నింకె సంబరంగా తీసుకుంది. అతను తన ఒంటరి రాజుని నడిపించుకుంటూ పోయి, ఆమె ఆఖరి బంటు చేరవలసిన మూల గడిలో కూర్చోబెట్టాడు. ఆ గడి తెలుపు. ఆమె బిషప్ తిరిగేది నలుపులో. ఇక ఆ రాజుని అక్కణ్ణించి లేపగల శక్తి ఆ బల్ల మీద లేదు.

"డ్రా అందామా?" అన్నాడు యెల్మర్, నవ్వుతూ.

ఆ నవ్వు!

"అయ్యో అమ్మాయ్, ఆ బంటుని ముందే తోసుంటే..." అంటూ చుట్టూ మూగిన ముసలాళ్ళు అప్పుడే ఆమె పావుల మీద చేతులు వేశారు.

"చేతులు తియ్యండి!" అంది నింకె. "మీ ఆటా ఇది?"

"ఆవిడన్నది నిజం. ఆవిడ ఆట ఆవిణ్ణి చూసుకోనివ్వండి" అన్నాడు యెల్మర్. "కాస్త కూర్చుంటారా? ఓ నాలుగు ఎత్తులు వెనక్కెళ్ళి చూద్దాం."

ఆట ముగిశాక ఆడిన ఇద్దరూ కూర్చుని మళ్ళీ మొదట్నించీ చూసుకుంటారు. ఓడినా గెలిచినా అది మర్యాద. నింకె ఏనాడూ తప్పలేదు. ఆ రోజు మాత్రం డ్రాకి ఒప్పుకున్నానని కూడా అనకుండా గడియారం ఆపేసి, కోటు తగిలించుకుని బయటికి వచ్చేసింది.

బయట వాన. సైకిలెక్కుతుంటే వెనక అడుగుల చప్పుడు. యెల్మర్ కోటు కూడా వేసుకోకుండా తడుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు.

"ఒక్క మాట! ఒక్కటే!"

"మీ గుర్రానికి చెప్పుకోండి!" అని అరిచి నింకె తొక్కుకుంటూ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరైనా అతని పేరెత్తితే గదిలోంచి లేచిపోయేది.

మొన్న శనివారం భోజనాల దగ్గర సైబ్రెన్ గొంతు సవరించుకున్నాడు.

"ఎనిమిదో ఆటగాడు దొరికాడు."

"అమ్మయ్య! ఎవరు?"

"బోల్స్‌వర్డ్ యెల్మర్. పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. మన రేవు దగ్గర ఇల్లు తీసుకున్నాడట."

నింకె ఫోర్కు కింద పెట్టేసింది. "ఆ ఇకిలింపుల వాడా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా మీకు?"

"లేరు. ఎనిమిదిమంది లేకపోతే ఈ ఏడాదితో జట్టు మూతే."

"వాడొస్తే నేను రాను."

"అప్పుడు మళ్ళీ ఏడుగురమే కదమ్మా" అన్నాడు సైబ్రెన్ బంగాళాదుంప కోసుకుంటూ. "రేపు చర్చి అయ్యాక కాఫీకి రమ్మన్నాను. కాస్త మొహం సరిగ్గా పెట్టు."

నింకె మొహం సరిగ్గా పెట్టలేదు.

మర్నాడు యెల్మర్ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. సైబ్రెన్ బిస్కెట్ల డబ్బా తెరిచి తలా ఒకటి ఇచ్చి మూత బిగించాడు. ఆ ఇంట్లో కాఫీకి ఒక్కటే బిస్కెట్. పాస్టరు గారొచ్చినా అంతే.

"బోల్స్‌వర్డ్‌లో పడవలు లేవా?" అంది నింకె.

"ఉన్నాయి. చెడిపోయేవి ఇక్కడే ఎక్కువ."

"అదుగో, మళ్ళీ నవ్వుతున్నారు! ఆ రోజూ ఇంతే. నా బిషప్పూ నా బంటూ గుమ్మం ముందు బిచ్చగాళ్ళలా తిరుగుతుంటే మీ రాజుని మూలన కూర్చోబెట్టి నవ్వారు. ఇదేం న్యాయం? ఎక్కువ పావులున్నది నాకు. నవ్వింది మీరు!"

"ప్రాణం దక్కినవాడు నవ్వడా?"

"మీ ప్రాణానికేమైంది?"

"నేను ఓడిపోయానండీ. అంతకు ముందే ఓడిపోయాను. మీరు చూసుకోలేదు."

నింకెకి ఒళ్ళు మండిపోయింది. లేచి బల్లా పావులూ తెచ్చి అతని ముందు ఠపీమని పెట్టింది. "చూపించండి."

యెల్మర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ప్రతి పావూ ఉన్నచోట పెట్టుకుంటూ పోయాడు. మూడేళ్ళయినా ఒక్క బంటు కూడా తప్పిపోలేదు. నింకె అది గమనించింది. గమనించినట్టు కనపడలేదు.

"నా గుర్రం ఇక్కడికి గెంతింది. మీ చెయ్యి బిషప్ మీదికొచ్చి ఆగింది. నాకు గుండె ఆగింది. ఇప్పుడు ఆ బిషప్‌తో నా గుర్రాన్ని కొట్టెయ్యండి."

"బిషప్ పోతుందిగా!"

"పోనివ్వండి. దాన్ని కొట్టడానికి నా రాజు ఇటు రావాలి. మరి ఆ మూల ఎవరు కాస్తారు?"

నింకె కొట్టింది. అతని రాజు పక్కకొచ్చాడు. ఆమె బంటు అడ్డూ ఆపూ లేకుండా నడిచి వెళ్ళి మూల గడిలో మంత్రి అయి కూర్చుంది.

ఆమె మెల్లగా తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా."

"మా నాన్న నాకలాగే చెప్పాడు" అన్నాడు సైబ్రెన్, కాఫీ కప్పులోకి చూస్తూ.

"పదిహేడేళ్ళు నాన్నా!" అని, అంతే కోపంగా ఇటు తిరిగింది. "మీరైనా ఆ రోజే చెప్పాలి కదా!"

"వానలో పరిగెత్తుకొచ్చాను. గుర్రానికి చెప్పుకోమన్నారు."

"చెప్పుకున్నారా?"

"చెప్పుకున్నాను. అదీ మీలాగే వినలేదు."

నింకెకి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. అతను మాత్రం ఈసారి నవ్వలేదు.

"జట్టు కోసం రాలేదు నేను. ఇంజన్ల కోసమూ కాదు. నాతో ఆడినవాళ్ళెవరూ ఆటని అంతగా మనసుకి పట్టించుకోలేదు. ఆ కోపం రోజూ చూడాలనిపించింది. అందుకని ఇల్లు ఇక్కడ తీసుకున్నాను."

"రోజూనా? అంత కోపం నా దగ్గర లేదు."

"ఉన్నంతే చాలు."

సైబ్రెన్ డబ్బా అందుకున్నాడు. మూత తీశాడు. రెండోసారి. డబ్బాని యెల్మర్ ముందుకి జరిపి, "తీసుకో బాబూ" అన్నాడు.

నింకె చెవులదాకా ఎర్రబడింది. తండ్రిని తిట్టాలో, డబ్బా లాక్కోవాలో తెలియక బల్ల మీది పావులన్నీ ఒక్క చేత్తో కలిపేసింది.

"ఏం, కోపమా?" అన్నాడు యెల్మర్ భయంగా.

"కాదు. సగంలోంచి చూస్తే సరిపోదు. మొదట్నించీ పెట్టు" అంది నింకె. 'మీరు' ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు. "నీకో ఆట బాకీ ఉన్నాను. కూర్చుని చూడకుండా లేచిపోయాను."

ఇద్దరూ మొదటి ఎత్తు నుంచి మొదలుపెట్టారు. మధ్యలో బిషప్పా గుర్రమా అని మూడుసార్లు పోట్లాడుకున్నారు. ఏ ఒక్కసారీ తేలలేదు. మూలన ఒంటరి రాజు దగ్గరికి వచ్చేసరికి కాఫీలు చల్లారిపోయాయి. నింకె బల్ల మీదుగా చెయ్యి చాపింది.

"డ్రాకి ఒప్పుకుంటున్నాను" అంది.